మూత పట్టేస్తోంది, పాలిష్ తెల్లబడుతోంది: చెక్క పెట్టెల అలంకరణ గురించి

చెల్లెమ్మా, మీరు రాసినదంతా చదివాను. శ్రీకాకుళంలో వడ్రంగి చేత మామిడి చెక్కతో చిన్న పెట్టెలు చేయించుకున్నారు, ఇంకో రెండు ఎండీఎఫ్‌వి (చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసిన పలకవి) బజార్లో కొన్నారు. అక్రిలిక్ రంగు వేసి, మూతల మీద పేపర్ నాప్‌కిన్‌లోని పువ్వులు అతికించి, పైన లక్క పాలిష్ కొట్టారు. ఇప్పుడు రెండు పెట్టెల మూతలు ఊడి రావడం లేదు. కాగితం ముడతలు పడింది. శ్రావణమాసంలో వేసిన పాలిష్ మీద తెల్లటి మబ్బు కమ్మింది. ఏ కంపెనీ రంగు కొంటే ఈ బాధ ఉండదని అడిగారు.

ఏ కంపెనీది కొన్నా ఇదే బాధ వస్తుందమ్మా. మీ రంగుల్లో లోపమేమీ లేదు. పెట్టెని పటంలాగా చూసి పైన బొమ్మతో మొదలుపెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. పటం గోడకి వేలాడుతూ ఉంటుంది. పెట్టెని రోజూ తెరుస్తాం, మూస్తాం. పైగా అది చెక్క, వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. మూత ఎక్కడ ఆనుతోంది, చెక్క ఎటు ఉబ్బుతుంది, ముందు ఈ రెండూ చూసుకోండి. బొమ్మ సంగతి ఆఖరున.

మూతతో మొదలుపెడదాం. అక్రిలిక్ రంగు అరగంటలో చేతికి ఆరినట్టే ఉంటుంది కానీ లోపల గట్టిపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. గట్టిపడ్డాక కూడా అది ఒక రకం ప్లాస్టిక్కే, వేడికి మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలకి రంగు పూసిన మూత అంచు, రంగు పూసిన పెట్టె అంచు ఒకదాన్నొకటి నొక్కుకుని కూర్చుంటే రెండు రంగులూ కలిసిపోయి ఒకటైపోతాయి. అందుకని మూత ఆనే అంచుకీ, మూత లోపలి గోడకీ రంగు వేయకండి. ఆ మేర పేపర్ టేపు అంటించి, రంగు ఇంకా పచ్చిగా ఉండగానే టేపు లాగేయండి. ఖాళీగా మిగిలిన చెక్కకి పల్చటి లక్క పూత ఒకటి వేసి, ఆరాక తెల్ల కొవ్వొత్తి ముక్కతో రుద్దండి, చాలు. రంగు పని అయ్యాక రెండు మూడు వారాలు మూత పూర్తిగా మూయకుండా మధ్యలో ఐస్‌క్రీమ్ పుల్లలు పెట్టి ఉంచండి.

ఇప్పుడు పట్టేసిన మూతల్ని చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో ఎగదోయకండి, అంచు విరుగుతుంది. పెట్టెని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి ఒక గంట ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లబడితే అక్రిలిక్ గట్టిపడి పట్టు తగ్గుతుంది. బయటికి తీసిన వెంటనే గేలానికి వాడే సన్నటి నైలాన్ దారం మూత సందులో పెట్టి రంపంలా అటూ ఇటూ లాగుతూ నాలుగు పక్కలా తిప్పండి. ఓపిగ్గా లాగితే విడిపోతుంది. విడిపోయాక ఆ అంచుల మీద రంగు మొత్తం గీకేయండి.

మూత బిగుతుకి ఇంకో కారణం కూడా ఉంది. వడ్రంగి మూత చక్కగా సరిపోయేలా చేసిస్తాడు, మనం దాని మీద ప్రైమరు, రెండు చేతుల రంగు, కాగితం, పాలిష్ ఎక్కిస్తాం. ఆ మందమంతా ఎక్కడికి పోతుంది? వచ్చేసారి పెట్టెలు చేయించేటప్పుడు మూతకీ పెట్టెకీ మధ్య నాలుగు పక్కలా పోస్టుకార్డు దూరేంత సందు వదలమని చెప్పండి. మరీ వదులైపోతుందని ఆయన ఒప్పుకోకపోతే, రంగు వేసుకుంటానని చెప్పండి, అర్థం చేసుకుంటాడు.

రెండో సంగతి, చాలామంది పట్టించుకోనిది. మీరు పెట్టె బయట నాలుగు పూతలు వేసి లోపల ఒట్టి చెక్క వదిలేశారు. బయటివైపు తేమ పీల్చలేదు, లోపలివైపు పీలుస్తుంది. ఒకవైపే ఉబ్బితే పలచటి మూత దొప్పలా వంగుతుంది. అప్పుడు రెండు మూలలు పైకి లేచి, రెండు మూలలు పట్టేస్తాయి. నాగావళి ఒడ్డున, సముద్రం దగ్గర ఉండే మీ ఊళ్లో ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా గాలిలో ఎంత తేమ ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బయట ఏం వేసినా లోపల కూడా కనీసం రెండు పల్చటి లక్క పూతలు వేయాలి. అడుగు పలకకి కూడా, నేలకి ఆనే వైపు సైతం. లోపలికి ఆయిల్ వార్నిష్ మాత్రం వద్దు. మూసిన పెట్టెలో ఆ వాసన నెలల తరబడి పోదు, పెట్టిన చీర పిన్నులకి, ఉత్తరాలకి కూడా పట్టేస్తుంది. లక్క వాసన రెండు రోజుల్లో పోతుంది.

చెక్క గురించి కూడా రెండు మాటలు. మామిడి చౌక, సులువుగా దొరుకుతుంది, రంగు బాగా పడుతుంది. కానీ పుచ్చు పురుగుకి ఇష్టం. పెట్టె కింద మెత్తటి పొడి రాలుతుంటే, సూదిమొనంత బెజ్జాలు కనిపిస్తుంటే దాని మీద రంగు వేసి లాభం లేదు. పూత లేని చెక్కకి వెలిగారం, బోరిక్ పౌడర్ కలిపిన వేడి నీళ్లు బ్రష్‌తో రెండు మూడుసార్లు పట్టించి, బాగా ఆరనిచ్చి ఆ తర్వాతే పని మొదలెట్టాలి. పప్పూ ఉప్పూ పెట్టుకునే పెట్టెకి ఇది చేయకండి. ఎండీఎఫ్ పలకకి పుచ్చు భయం తక్కువ, కానీ నీళ్లకి దాని అంచులు పేలపిండిలాగ ఉబ్బుతాయి, మళ్లీ అణగవు. అందుకని దాని మీద నీళ్ల రంగు వేసే ముందు అంచులకి లక్క పట్టించాలి. దాన్ని రుద్దేటప్పుడు వచ్చే పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. ముక్కుకి మాస్కు కట్టుకుని, ఆరుబయట రుద్దండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

నన్నడిగితే పనస చెక్కకి మించింది లేదు. మా విజయనగరం జిల్లా వాళ్లం ఈ మాట గర్వంగా చెప్పుకుంటాం. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణ చేసేది పనస దుంగతోనే, కుండా దండీ కలిపి ఒకే దుంగలో తొలిచేది ఏకాండి వీణ. తేలిక, గట్టిది, ఉలికి లొంగుతుంది, మెరుపు తనంతట తనే వస్తుంది. కోసినప్పుడు పసుపు పచ్చగా ఉండి, వెలుతురు తగిలే కొద్దీ తేనె రంగుకీ ఆ తర్వాత గోధుమ రంగుకీ తిరుగుతుంది. ఈ గుణాన్ని అలంకరణకే వాడుకోవచ్చు. కొత్త పనస పలక మీద నల్ల కాగితంతో ఒక మామిడి పిందె కత్తిరించి అంటించి, కొన్ని వారాలు కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టి తీస్తే చుట్టూ ముదురు, మధ్యలో పిందె ఆకారంలో లేత పసుపు. ఇది శాశ్వతం కాదు, ఆ పిందె కూడా మెల్లగా ముదురుతుంది. అయినా చూసి తీరాలి. పనస పెట్టెకి రంగు వేసి కప్పేయడం నాకు మనసొప్పదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో పనస, జీడిమామిడి, కొబ్బరి చెట్లు ఎన్ని కూలిపోయాయో మీకు తెలుసు. అప్పుడు కోయించి పెట్టుకున్న పలకలు మీ బంధువుల ఇళ్లలో అటకల మీద ఉంటే అడిగి తెచ్చుకోండి. అంగుళం మందానికి ఏడాది ఆరాలని పాత లెక్క. ఆ పలకలు ఈపాటికి నిక్షేపంగా ఆరి ఉంటాయి. పచ్చి చెక్కతో చేసిన పెట్టె ఎంత అందంగా అలంకరించినా మొదటి వేసవికే పగుళ్లిస్తుంది.

ఉప్పు కాగితం పని త్వరగా చెప్పేస్తాను. 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి 220, ఆ తర్వాత 320, ఎప్పుడూ చెక్క నార పోయే దిక్కుకే. అడ్డంగా రుద్దితే గీతలు పాలిష్ వేశాకే కనిపిస్తాయి, అప్పుడు చేసేదేమీ ఉండదు. 220 అయ్యాక తడి గుడ్డతో ఒక్కసారి తుడవండి. ఆరాక చేత్తో తడిమితే నూగులాగ పైకి లేచిన పీచు తగులుతుంది. దాన్ని 320తో తీసేస్తే తర్వాత రంగు నీళ్లకి మళ్లీ లేవదు. మేకు గుంతలకి అదే చెక్క రంపపు పొట్టు ఫెవికాల్‌లో కలిపి లప్పం పెట్టండి. ఫెవికాల్ పడ్డ చోట పాలిష్ ఇంకదు, మచ్చ పడుతుంది, కాబట్టి రంగు వేయని పెట్టెలకి ఈ లప్పం గుంత దాటకుండా చూసుకోవాలి.

ఇక లక్క. ఏటికొప్పాక బొమ్మలకి ఉండే మెరుపు మీ నలుచదరపు పెట్టెకి తేవాలని అడిగారు. ఆ పద్ధతిలో రాదమ్మా. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్లో అంకుడు కర్రని తిరుగుడు చట్రం మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో ఒత్తితే ఆ నిగారింపు వస్తుంది. గుండ్రంగా తిరిగే వస్తువుకే అది కుదురుతుంది, అందుకే అక్కడ కుంకుమ భరిణెలు గుండ్రంగానే ఉంటాయి. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పని అది. మీకు గుండ్రటి భరిణె కావాలంటే అక్కడివాళ్ల దగ్గరే కొనుక్కోండి, వాళ్ల చేతి పనికి మన ఇంటి పని సాటి రాదు. అయితే మీరు వాడే పాలిష్ కూడా ఆ లక్కే, కాకపోతే వేడికి బదులు చెక్క పాలిష్‌కి వాడే స్పిరిట్‌లో కరిగించింది. చదరపు పెట్టెకి ఆ దారే మంచిది.

పావు లీటరు స్పిరిట్‌కి 30 గ్రాముల లక్క రేకులు గాజు సీసాలో వేసి రాత్రంతా ఉంచి, మధ్యమధ్యలో కదిపి, మర్నాడు పాత పంచె గుడ్డలో వడకట్టండి. సీసా మీద తేదీ రాసి అంటించండి. ఆరు నెలలు దాటిన లక్క సరిగా ఆరదు, జిగట పట్టుకుంటుంది. కలిపిన రోజు దాన్ని చూస్తే మరీ పల్చగా ఉందనిపిస్తుంది. పల్చగానే ఉండాలి. చిక్కటి పూతలు రెండు వేసేకంటే పల్చటివి ఆరేడు వేస్తే అద్దంలా వస్తుంది. మెత్తటి నూలు గుడ్డలో దూది ఉండ కట్టి, లక్కలో ముంచి పిండి, నార దిక్కుకి ఒక్క లాగుడు లాగి పక్కకి పోవాలి. వెనక్కి వచ్చి మళ్లీ రుద్దకూడదు, కింది పూత కరిగి లేచిపోతుంది. ఒక్కో పూతకి గంట ఆగండి. మూడు పూతలకోసారి 400 కాగితంతో పైపైన తాకించి తుడిచేయండి. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది, దేవుడి గదిలో దీపం వెలుగుతుండగా పక్క గదిలో ఈ పని పెట్టుకోకండి. కిటికీలు తీసి ఉంచండి.

మీ పెట్టెల మీది తెల్ల మబ్బు ఎందుకొచ్చిందంటే, స్పిరిట్ ఎగిరిపోయేటప్పుడు ఆ పలక చల్లబడుతుంది. శ్రావణం గాలిలో ఉన్న తేమ ఆ చల్లటి పలక మీద చేరి లక్కలో చిక్కుకుపోతుంది. అదే ఆ తెలుపు. పెట్టె పాడవలేదు, కంగారు పడకండి. ఆకాశం తేటగా ఉండి గాలి పొడిగా ఉన్న రోజు చూసి, కేవలం స్పిరిట్ చుక్కలు వేసి బాగా పిండిన గుడ్డతో ఆ మచ్చ మీద తేలిగ్గా ఒక్కసారి లాగండి. లక్క కాస్త కరిగి తేమని వదిలేసి మళ్లీ తేటపడుతుంది. ఒకసారికి పోకపోతే గంట ఆగి ఇంకోసారి. మీ పువ్వుల కాగితం మీద మాత్రం గుడ్డ అసలు ఆగకూడదు. అక్రిలిక్ కూడా స్పిరిట్‌కి మెత్తబడుతుంది, గట్టిగా రుద్దితే రంగే గుడ్డకి వచ్చేస్తుంది. నేను లక్క పని కార్తీకం నుంచి మాఘం దాకా పెట్టుకుంటాను. ఉప్పు కాగితం, బొమ్మ గీయడం, కాగితాలు కత్తిరించడం వానాకాలానికి. వానాకాలంలోనే పూర్తి చేసి ఇవ్వాల్సిన పెట్టె అయితే మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక, పెట్టెని పొడిగా ఉన్న గదిలో కాసేపు ఉంచి, పల్చటి పూతలు ఎక్కువ విరామంతో వేయండి.

కాగితం ముడతలకి వద్దాం. తడిస్తే కాగితం సాగుతుంది. మీరు తడి జిగురు మీద పొడి నాప్‌కిన్ పెట్టారు, అది అక్కడే సాగి, పోవడానికి చోటు లేక ముడత పడింది. ఎంత బ్రష్‌తో దువ్వినా ఆ ముడత పోదు, పైగా చిరుగుతుంది. నాప్‌కిన్‌కి నేను నమ్మే పద్ధతి ఇస్త్రీ. ముందు నాప్‌కిన్ పొరలు విడదీయండి. రెండో మూడో పొరలుంటాయి, మీకు కావలసింది బొమ్మ ఉన్న పై పొర ఒక్కటే. మూలని గోటితో నలిపితే పొరలు విడిపోతాయి. ఈ పొర ఎంత పల్చగా ఉంటుందంటే ఊపిరికి ఎగిరిపోతుంది, ఫ్యాను ఆపేయండి. మూత మీద తెల్ల రంగు పూత వేసి ఆరనివ్వాలి, లేకపోతే చెక్క రంగు పువ్వుల్లోంచి కనిపించి బొమ్మ మురికిగా ఉంటుంది. దాని మీద కొద్దిగా నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత, ఆరాక ఇంకో పూత, అదీ పూర్తిగా ఆరాలి. వేలితో తాకితే అంటకూడదు. ఇప్పుడు పొడి కాగితాన్ని పొడి జిగురు మీద పరిచి, పైన బటర్ పేపర్ వేసి, వేడి సిల్క్ గుర్తు దగ్గర పెట్టిన ఇస్త్రీ పెట్టెతో, ఆవిరి లేకుండా, మధ్యలోంచి అంచులకి మెల్లగా నొక్కండి. వేడికి ఫెవికాల్ మళ్లీ మెత్తబడి కాగితాన్ని పట్టేస్తుంది. నీళ్లే లేవు కాబట్టి సాగేదీ లేదు, ముడతా లేదు. బటర్ పేపర్ వేడి మీద లాగకుండా చల్లారనిచ్చి తీయండి. అంచులు దాటిన కాగితాన్ని బ్లేడుతో కోయకండి, 320 కాగితాన్ని అంచు మీద కిందివైపుకి రాపితే తెగి శుభ్రంగా వచ్చేస్తుంది.

ఇప్పటికే ముడత పడ్డ మూతలకి రుద్ది తీసి కొత్త కాగితం వేయడమే మార్గం. పెళ్లి శుభలేఖల్లోని వినాయకుడు, పాత క్యాలెండర్ బొమ్మలు అతికించాలనుకుంటే అవి మందం కాగితాలు, వాటికి పద్ధతి వేరు. ముందే నీళ్లలో తడిపి, సాగనిచ్చి, రెండు గుడ్డల మధ్య ఒత్తి, ఆ తర్వాత చిక్కటి జిగురు మీద వేయాలి. ఇంట్లో ప్రింటర్ మీద తీసిన ఫోటో అయితే సిరా కారిపోతుంది. జిరాక్స్ షాపులో లేజర్ ప్రింటు తీయించుకోండి.

నల్ల పెట్టె కావాలంటే నల్ల రంగు డబ్బా కొనకండి, దయచేసి ఇది ఒక్కసారి చేసి చూడండి. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు పుట్టించే దారే ఇది. తుప్పు మేకులు, బెల్లం ముక్క, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియనివ్వండి. మూత బిగించకూడదు, గాలి తన్నుకొస్తుంది. ఇంకో గిన్నెలో కరక్కాయ పెచ్చులు దంచి రాత్రంతా నానబెట్టి మరిగించి వడకట్టండి. మామిడి పలకకి ముందు కరక్కాయ నీళ్లు పట్టించి ఆరనివ్వండి, పలక లేత పసుపు పట్టి ఉంటుంది. దాని మీద ఇనుప నీళ్ల బ్రష్ ఒక్కసారి లాగి చూస్తూ కూర్చోండి. తడి మేరంతా ముందు బూడిద రంగు, ఆ వెంటనే నీలి ఛాయ, కాసేపట్లో నలుపు. ఇది పైన కూర్చునే పూత కాదు, చెక్క పీచులోకి దిగిన రంగు, అందుకే నార గీతలు కనబడుతూనే ఉంటాయి, మూత అంచు మందం పెరగదు, అతుక్కోదు. ఆరాక తడి గుడ్డతో తుడిచి లక్క వేయండి. వేరే గిన్నెలు, పాత బట్టలు వాడండి, మరక పోదు.

ఒగరుతో కలిస్తే నలుపెక్కే ఈ ఇనుము గుణమే ఇంకోచోట మీకు చేటు చేస్తుంది. టేకు లాంటి ఒగరున్న చెక్కకి ఇనుప స్క్రూలు కొడితే వానాకాలంలో వాటి చుట్టూ నల్లటి మరక పాకుతుంది. మడత బందులు, గడియ, స్క్రూలు అన్నీ ఇత్తడివే వేయించండి. బూడితి ఇత్తడి మీ జిల్లాదే కదా, మూతకి చిన్న గుబ్బ కావాలంటే ఆ పని తెలిసినవాళ్లని అడిగి చూడండి. ఇత్తడిని చింతపండుతో తోమేది బిగించే ముందే. బిగించాక తోమితే ఆ పులుపు నీళ్లు చెక్కలోకి దిగుతాయి. రంగూ లక్కా పూర్తిగా అయ్యాకే బందులు బిగించాలి, బందుల మీద పడ్డ రంగు తెరిచిన ప్రతిసారీ రాలుతుంటుంది. బెజ్జాలు మాత్రం మొదట్లోనే సన్నటి బర్మాతో వేసుకోండి, ఆఖర్న వేస్తే పలక చీలుతుంది.

బొమ్మల విషయంలో మీ అభిరుచి మీది. నాకు నచ్చేది ఒక్క మాట చెబుతాను. ఆరు ముఖాలూ నింపకండి. మూత మీద అయిదు చుక్కల ముగ్గు ఒకటి సన్నటి తెల్ల గీతతో వేసి, పక్కలు ఒట్టి చెక్కగా వదిలేస్తే దాని అందమే వేరు. సవర గిరిజనుల బొమ్మలు వేయాలనుందని రాశారు. సీతంపేట వైపు, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న ఆ పల్లెల్లో, ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ చిత్రం దేవతలకీ పూర్వీకులకీ వేసే పూజ. మనుషులు, చెట్లు, జంతువులు ఒక చట్రంలో ఉంటారు. దాన్ని మొత్తంగా ఎత్తి చెప్పుల షాపు గిఫ్టు పెట్టె మీద వేయడం నాకు ఇష్టం లేదు. అక్కడి చిత్రకారుల చేత మూతలు వేయించుకుని వాళ్లకి డబ్బిచ్చి, వాళ్ల పేరు పెట్టె అడుగున రాయండి. మీరు లక్క వేసి పూర్తి చేయండి.

లోపల గుడ్డ అతికించాలనుకుంటే వెల్వెట్ మానేసి పొందూరు ఖద్దరు ముక్క వేసి చూడండి. వాలుగ చేప దవడతో దువ్విన పత్తితో నేసిన ఆ గుడ్డకి ఉండే మెత్తదనం, చెక్క పక్కన ఆ తెలుపు, రెండూ కలుస్తాయి. గుడ్డకి నేరుగా ఫెవికాల్ పూయకండి, మరక పైకి తేలుతుంది. అట్టముక్క కొలతకి కోసి, గుడ్డ దాని మీద చుట్టి వెనక అతికించి, ఆ అట్టని పెట్టె అడుగున దించండి. మురికైతే తీసి ఉతుక్కోవచ్చు.

పోపుల పెట్టె గురించి అడిగారు. దానికి లోపల ఏ రంగూ వద్దు, ఏ వార్నిషూ వద్దు, ఒట్టి చెక్కే. అప్పుడు పైన మాత్రం ఎందుకు మందంగా వేయడం, బయట కూడా రెండు పల్చటి లక్క పూతలతో ఆపేయండి. కరక్కాయ నలుపు కూడా దానికి వద్దు.

పట్టేసిన మూత దారంతో కూడా రాకపోతే బలవంతం చేయకుండా ఆ పెట్టె మూత సందు దగ్గర్నుంచి, నాలుగు పక్కల్నుంచీ ఫోటోలు తీసి పెట్టండి. మూత పైనుంచి దిగేదా, పక్కకి జరిగేదా కూడా రాయండి. జరిగే మూత అయితే గాడిలో రంగు తీసే పద్ధతి వేరు, అది చూశాక చెబుతాను.